కన్నాలు మూడు, వాడేది ఒకటి

మా రోజుల్లో కారు కింద పని చేయాలంటే గోతిలోకి దిగేవాళ్లం. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డుకెళ్లినా నడుమ ఒక పొడుగాటి గొయ్యి, పైన అంబాసిడర్, కింద వైరు బల్బు పట్టుకుని చెవుల దాకా గ్రీజు పూసుకున్న కుర్రాడు. ఇప్పుడా గోతులు పూడ్చి టైల్స్ పరిచారు. రెండు స్తంభాల లిఫ్టు మీద బటన్ నొక్కితే కారు గాల్లోకి లేస్తుంది, చక్రాలు కిందికి వేలాడతాయి. మెకానిక్ చొక్కా నలగదు. మంచిదే. కానీ సస్పెన్షన్ బోల్టులు బిగించాల్సింది కారు గాల్లో వేలాడుతున్నప్పుడా, తన చక్రాల మీద తాను నిలబడి ఉన్నప్పుడా? గోతిలో ఆ ప్రశ్నే పుట్టేది కాదు. బరువంతా చక్రాల మీదే ఉండేది కదా. ఇప్పుడు వేలాడదీసి రబ్బరు బుష్షుల బోల్టు బిగిస్తారు, కిందికి దించగానే ఆ రబ్బరు మెలి తిరిగిపోతుంది, ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. "కంపెనీ రబ్బరు అంతేనండి" అంటాడు షెడ్డువాడు.

ఇదంతా మా మనవడి కారు గురించి. అడ్జస్టబుల్ స్వే బార్ తెప్పించి వెనక వేయించాడు. దానికి తోడు కురచ స్ప్రింగులు, పాలీయురేథేన్ బుష్షులు. "ఇక మలుపులో బాడీ ఒరగదు తాతయ్యా" అన్నాడు. ఒరిగితే ఏమయిందిరా? మా అంబాసిడర్ శ్రీశైలం ఘాట్‌లో ప్రతి మలుపుకీ ఒరిగేది. వెనక సీటులో నలుగురం ఒకరి మీద ఒకరం పడేవాళ్లం. డ్రైవర్ స్పీడు తగ్గించేవాడు. అంతే.

బార్‌ని తప్పు పట్టను. అది చక్కటి ఇనుము, వెనక చక్కటి లెక్క ఉంది. కారుకి అడ్డంగా పడుకున్న కడ్డీ, రెండు కొసలూ రెండు చక్రాల వైపు వంగి ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే బుష్షుల్లో ఊరికే తిరుగుతుంది, ఏమీ చేయదు. ఒకటే లేచిందా, తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి, ఆ మెలికతోనే ఒరుగుని ఆపుతుంది. ఇదేదో కొత్త విద్య అనుకుంటున్నారు కుర్రాళ్లు. అంబాసిడర్ ముందు చక్రాలకి స్ప్రింగే లేదు, ఇలా మెలి తిరిగే కడ్డీలే పొడుగునా ఉండేవి. ఒక పక్క కుంగితే ఆ కడ్డీని సర్ది బిగిస్తే బండి మళ్లీ సమంగా నిలబడేది. వెనక కమాన్ కట్టలు. పెళ్లిళ్ల రోజుల్లో జనం ఎక్కువైతే కట్టలో ఇంకో పట్టీ ఎక్కించేవాళ్లం, సీజన్ అయ్యాక తీసేవాళ్లం. 'అడ్జస్టబుల్' అని దేని మీదా రాసి లేదు. సర్దడం మేస్త్రీ పని, అంతే.

మనవడి బార్‌కి ఒక్కో కొసన మూడేసి కన్నాలున్నాయి. కడ్డీ కొసని చక్రం వైపుకి కలిపే లింకుని చిట్టచివరి కన్నంలో పెడితే చేయి పొడుగవుతుంది, కడ్డీ మెత్తన. లోపలి కన్నంలో పెడితే చేయి పొట్టి, బిరుసు. బార్ లావులోనూ మర్మముంది. 20 మిల్లీమీటర్లది తీసి 22 వేస్తే, పెరిగింది రెండే కదా అనిపిస్తుంది. కానీ బిరుసు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర రేసు ట్రాకులో ఈ కన్నాలకి పని ఉంది. రెండు రౌండ్లు కొట్టి వస్తారు, ముక్కు మలుపు బయటికి పోతోందంటే వెనక బార్ ఒక కన్నం బిగిస్తారు, తోక జారుతోందంటే వదులు చేస్తారు, మళ్లీ వెళ్తారు. మావాడు? బిగించిన రోజే అన్నిటికంటే బిరుసు కన్నంలో పెట్టించాడు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు" అన్నాడు. ఆ నట్టు తుప్పు పట్టింది.

లింకు బిగించిన తీరూ చూశాను. కారు చక్రాల మీద నిలబడి ఉండగా లింకు పొడుగు సరిచూసి పెడితే బోల్టు వేళ్లతో తోయగానే లోపలికి పోవాలి. ఆ షెడ్డులో సుత్తితో కొట్టి దిగ్గొట్టారు. అంటే ఒక పక్క లింకు పొట్టి, ఒక పక్క పొడుగు. కడ్డీ అప్పటికే మెలిక పడి ఉంది, తిన్నటి రోడ్డు మీద కూడా ఒక చక్రాన్ని అదుముతూనే ఉంటుంది. పాలీ బుష్షులకి గ్రీజు పూయాలని డబ్బా మీద బొమ్మేసి మరీ చెప్పారు, పూయలేదు. ఇప్పుడు వీధి మలుపు తిరగకముందే కిర్రుకిర్రుమని వినిపిస్తుంది. వాళ్లమ్మ అన్నం వడ్డించడం మొదలుపెడుతుంది.

ఇక రోడ్డు సంగతి. స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలిచ్చింది. మా వీధిలో ఉన్నది గోడ. కురచ స్ప్రింగులేసిన కారు దాన్ని ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున దాటాలి. అప్పుడు బిరుసు బార్ ఏం చేస్తుంది? ఎక్కిన చక్రం కుదుపుని ఎక్కని చక్రానికీ పంచుతుంది, నా తల అద్దానికి కొట్టుకుంటుంది. పైగా కంపెనీ ఇచ్చిన తీరుకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అది చెబితే "అది బాడీ మార్చేవాళ్లకి తాతయ్యా" అంటాడు. లాయరు చదువు ఎప్పుడు చదివాడో.

మొన్న వానలో బెంజ్ సర్కిల్ దగ్గర తోక జారిందట. ఒక కన్నం వదులు చేసుకోరా అన్నాను. లేదు, ముందుకి కూడా ఇంకో బార్ వేస్తే సరిపోతుందని ఆర్డరు పెట్టేశాడు. అది వచ్చాక నా పానాల పెట్టె కావాలట.