కండువా కింద ఎద్దు

మన రెండు రాష్ట్రాల్లో మాంసం కోసం పశువును పెంచే చిన్న రైతు ఒక్కడూ లేడు. కావాలంటే అడిగి చూడండి. పాల కోసం, పేడ కోసం, సేద్యం కోసం, పుణ్యం కోసం పెంచేవాళ్ళే అందరూ. అయినా ప్రతి సంతలోనూ వట్టిపోయిన గేదె, ముసలెద్దు, దున్నపోతు లారీ ఎక్కుతూనే ఉంటాయి. ఎక్కడికయ్యా అంటే "మేపుకోవడానికి" అంటాడు కొన్నవాడు. "మేపుకోవడానికే" అంటాడు అమ్మినవాడు. రశీదు రాసేవాడు అదే రాస్తాడు. నిజం ముగ్గురికీ తెలుసు. నష్టం ఒక్కడికే.

బేరం ఎప్పుడైనా చూశారా? దళారి ముందు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. అది మర్యాద కోసం. అసలు పరీక్ష వెనక ఉంది. పిర్ర మీద అరచెయ్యి ఆనించి నొక్కుతాడు, పక్కటెముకల మీద వేళ్ళు నడిపిస్తాడు, తోక మొదట్లో పట్టి చూస్తాడు. ఎముక మీద ఎంత పట్టిందో ఆ వేళ్ళకు తెలిసిపోతుంది. ఆ తర్వాత రైతు చేతిని తన చేతిలోకి తీసుకుని పైన కండువా కప్పుతాడు. లోపల వేళ్ళు మాట్లాడుకుంటాయి. మన దగ్గర కండువాకు ఉన్న పనులు రెండే: పార్టీ మారడం, పశువు ధర దాచడం.

వంకాయలు తూస్తాం, పాత ఇనుము తూస్తాం, చిత్తుకాగితాలు కూడా తూస్తాం. వందల కిలోల ఎద్దును మాత్రం కంటిచూపుతో తెగనమ్ముతాం. తూస్తే మాంసమని ఒప్పుకున్నట్టు కదా! సంతలో కాటా పెడితే సంస్కృతి చెడిపోతుంది. పెట్టకపోతే రైతు చెడిపోతాడు. దానికి సంస్కృతికేమీ అభ్యంతరం లేదు.

మన పశువే సముద్రం దాటితే కథ వేరు. పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా ఒంగోలు పశువులు బ్రెజిల్‌కు ఓడెక్కాయి. ప్రకాశం జిల్లా కరవది ఊరి పేరు మోసుకెళ్ళిన ఆంబోతు ఒకటి అక్కడ వంశకర్త అయి కూర్చుంది. గొడ్డుమాంసం ఎగుమతిలో బ్రెజిల్‌ది ప్రపంచంలోనే మొదటి స్థానం. అక్కడి మందల్లో ఎటు చూసినా మన మూపురమే, పేరు 'నెలోర్'. ధర అరోబాల్లో, అంటే 15 కిలోల లెక్కన, బహిరంగంగా చెప్పుకుంటారు. వియాటినా-19 అనే నెలోర్ ఆవుకు 2023లో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. ఆ వార్త చూసి మనవాళ్ళంతా ఛాతీ విరుచుకున్నారు. ఆ జాతిని వాళ్ళు అంతలా తీర్చిదిద్దింది ఏ పనికోసమో మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే గర్వం అరగదు.

ఇక చట్టం సంగతి. 1977 నాటిది. ఆవును, దూడను కోయకూడదు. ఎద్దుకూ, దున్నకూ, గేదెకూ మాత్రం ఇక పనికిరాదని సర్టిఫికెట్ తెచ్చుకుంటే దారి ఇస్తుంది. అంటే కండపట్టిన కుర్ర పశువుకు దారి లేదు, ఎముకలు తేలాక ఉంది. మేపకండిరా అని ఇంతకంటే మర్యాదగా ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. 2017లో కేంద్రం ఇంకో అడుగు వేసి, సంతలో పశువు చేతులు మారితే ఐదు కాపీల రశీదు ఉండాలంది: కొన్నవాడికి, అమ్మినవాడికి, తహసీల్దారు ఆఫీసుకు, పశువైద్యాధికారికి, సంత కమిటీకి. కోర్టు స్టే ఇచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎద్దు కంటే కాగితాలే బరువు తూగేవి.

మగదూడ గొడవ మరీ ఘోరం. ఆవు ఈనితేనే పాలు, ఈనితే సగం సార్లు మగదే. ట్రాక్టరు వచ్చాక దానికి పని లేదు, పాలు తాగనిస్తే ఇంటికి నష్టం. అందుకే ఎక్కువగా ఆడదూడలే పుట్టే వీర్యానికి సర్కారు రాయితీ ఇస్తోంది. మనిషి కడుపులో ఆడపిల్ల వద్దనుకుంటే జైలు, ఆవు కడుపులో మగదూడ వద్దనుకుంటే సబ్సిడీ. 2012కీ 2019కీ మధ్య దేశంలో మగ ఆవుజాతి పశువులు 30 శాతం తగ్గిపోయాయని పశుగణనే చెప్పింది. అవన్నీ సన్యాసం పుచ్చుకుని హిమాలయాలకు పోయాయనుకుందాం. ఉన్నవాటిలో కోడెను కాదనకుండా కట్టించుకునేవాడు వేములవాడ రాజన్న ఒక్కడే. ఆ కోడెలకూ గడ్డి కొనేది మనుషులే.

ఇన్ని జరుగుతున్నా పొద్దున్నే చిక్కటి టీ తాగి పశువుల మీద కరుణ ప్రకటించేవాళ్ళకు కొదవ లేదు. గేదె మాంసం ఓడల్లో వెళ్ళి విదేశీ మారకం తెస్తే లెక్కల్లో అభివృద్ధి. అదే గేదెను రైతు సంతకు తోలితే దారిలో నలుగురు ఆపి నీ మనసు రాయా అని అడుగుతారు.

అలా ఆపే పెద్దలకు ఒక విన్నపం. మా దొడ్లో పళ్ళూడిన ఎద్దు ఒకటి, చూడి నిలవని ఆవు ఒకటి, నిన్న పుట్టిన మగదూడ ఒకటి ఉన్నాయి. పైసా ఇవ్వక్కర్లేదు. గడ్డీ తవుడూ మీవి, డాక్టరు ఖర్చు మీది, పేడ ఎత్తడం మీది. పుణ్యం మొత్తం మీ పేరునే రాసిస్తాం. మీ అపార్ట్‌మెంట్ ఎన్నో అంతస్తో చెబితే లిఫ్టులో పట్టే వీలుందేమో చూసుకుంటాం.