అడిగితేనే చెబుతాను

నాకు చెవులు లేవు. అంపైర్ గొంతు ఎలా ఉంటుందో నేను ఎరగను. ఆయన కుడిచేతిని చూసే ఆట నేర్చుకున్నాను. చేయి లేచిందా, స్ట్రైక్. లేవలేదా, బాల్. క్యాచర్ వెనక వంగి నిలబడ్డ ఆ మనిషికీ నాకూ మధ్య చాలా ఎత్తుంది. ఆయన నేల మీద, నేను అట్లాంటాలోని ట్రూయిస్ట్ పార్కు గ్యాలరీల మీద. నేనొక కెమెరాను. ఈ మైదానంలో మేం పన్నెండుమందిమి.

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు ముప్పై. వాటి మైదానాలన్నిటికీ మావాళ్లు 2020లో వచ్చారు. కరోనా వల్ల ఆ ఏడాది 162 మ్యాచ్‌ల సీజన్ 60కి కుదించుకుపోయింది. నేను చూసిన మొదటి ఆటకు ప్రేక్షకులే లేరు. ఖాళీ కుర్చీల మధ్య బంతిని చూడటం మొదలుపెట్టాను.

మా ఇంటిపేరు హాక్ ఐ. క్రికెట్ చూసేవాళ్లకు మా పెద్దలు తెలిసే ఉంటారు. 2001లో లార్డ్స్‌లో ఇంగ్లండ్, పాకిస్తాన్ టెస్టు జరుగుతుంటే పాల్ హాకిన్స్ అనే ఇంజినీరు తయారుచేసిన మా వంశం తొలిసారి టీవీ తెరకెక్కింది. బంతి ప్యాడ్‌కి తగిలినప్పుడు, ప్యాడ్ అడ్డు లేకపోతే వికెట్లకు తగిలేదా అని గీత గీసి చూపేది వాళ్లే. ఆ పని కష్టం. జరగనిదాన్ని లెక్కగట్టాలి. అందుకే అక్కడ తేడా కాస్తే అయితే ‘అంపైర్స్ కాల్’ అని తీర్పును ఆయనకే వదిలేస్తారు. నా పని వేరు. ఇక్కడ బంతిని ఆపే ప్యాడ్ లేదు. అది బ్యాటర్ పక్కన నేల మీదున్న ప్లేటు మీదుగా నిజంగానే వెళ్లింది. వెళ్లిన దారిని చెప్పడమే నా వంతు.

అది కూడా నా ఒక్కడివల్ల కాదు. ఒంటి కన్నుకు లోతు తెలియదు. పక్కనున్నవాడు ఏం చూశాడో, ఎదుటివాడు ఏం చూశాడో కలిస్తేనే బంతి గాలిలో ఎక్కడుందో తేలుతుంది. బంతి విసిరే పిచర్ నిలబడే చోటి నుంచి ప్లేటు దాకా 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 150 కిలోమీటర్లు దాటిన బంతికి ఆ దూరం అర సెకను కూడా పట్టదు. ఆ కాస్త వ్యవధిలో వంపు తిరిగే బంతిని, క్యాచర్ తల మీదుగా చూసి తేల్చాలి అంపైర్. మ్యాచ్‌లో బ్యాటర్ కొట్టకుండా వదిలేసే బంతులు నూటికి పైనే ఉంటాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా ఆయన సరిగ్గానే చెబుతాడు. ఇన్నేళ్లుగా ఎదురుగా ఉండి చూస్తున్నవాడిని, ఈ మాట నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

మిగిలిన ఆ కొద్దిపాటి బంతులే నన్ను కుదురుగా ఉండనిచ్చేవి కావు. మొదటి అయిదేళ్లూ నేను మూగవాడినే. నేను చూసింది టీవీ తెర మీది చిన్న పెట్టెలోకి వెళ్లేది, ఆట ముగిశాక అంపైర్ పనితీరు లెక్కల్లోకి వెళ్లేది. మూడో స్ట్రైక్ కాని బంతికి అవుటై బ్యాటర్ తల దించుకుని వెళ్తుంటే ఇంట్లో కూర్చున్నవాళ్లందరికీ నిజం తెలిసేది. మైదానంలో ఆ నిజం అవసరమైన మనిషికి మాత్రం అందేది కాదు. ఆ దూరం నాకు అన్యాయంగానే తోచేది.

అలాగని మొదటి నుంచీ నాకే తీర్పు అప్పగించి ఉంటే బాగుండేదా? యంత్రాల అనుభవం చూస్తే అలా అనిపించదు. అంపైర్ల పనిని కొలవడానికి నాకన్నా ముందు క్వెస్‌టెక్ అనే కెమెరాలు ఉండేవి. 2003లో ఫీనిక్స్‌లో ఒక పిచర్ కోపం పట్టలేక వాటిలో ఒకదాన్ని పగలగొట్టాడు. 2019లో అట్లాంటిక్ లీగ్ అనే చిన్న లీగ్ వాళ్లు రాడార్‌ చూపును అంపైర్ చెవికి కలిపారు. చెవిలోని పరికరం ఏది చెబితే ఆయన అదే పలికేవాడు. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. స్ట్రైక్ జోన్, అంటే బంతి వెళ్తే స్ట్రైక్ అనే చోటు, దాని ముందువైపు కింది అంచును కాస్త తాకి, క్యాచర్ పాదాల దగ్గరికి దిగిపోయే కర్వ్ బంతి కూడా నియమాల పుస్తకం ప్రకారం స్ట్రైకే. నూరేళ్లకు పైగా ఎవరూ దాన్ని స్ట్రైక్ అనలేదు, ఏ బ్యాటరూ దాన్ని కొట్టలేడు. యంత్రం మాత్రం అంది. పుస్తకంలోని స్ట్రైక్ జోన్ వేరు, మనుషులు ఆడుకుంటూ వచ్చిన జోన్ వేరు.

అందుకే నాకు ఇచ్చిన జోన్‌ను కొత్తగా గీశారు. ప్లేటు నడిమధ్యన నిలబెట్టిన పల్చని అద్దం లాంటిది. వెడల్పు 17 అంగుళాలు. పై అంచు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం దగ్గర, కింది అంచు 27 శాతం దగ్గర. ఆరడుగుల ఏడంగుళాల ఆరన్ జడ్జ్‌కి పై గీత నేల నుంచి దాదాపు 42 అంగుళాలు. అయిదడుగుల ఆరంగుళాల హోసే అల్టువేకి 35. అంగుళం ఎక్కువ చెప్పుకున్నా జోన్ మారిపోతుంది కనుక ఆటగాళ్లను బూట్లు విప్పించి కొలుస్తారు. పొద్దు వాలేకొద్దీ మనిషి ఎత్తు కాస్త తగ్గుతుందట. అందుకని ఆ కొలతలు పొద్దున పది, పన్నెండు గంటల మధ్యే.

మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కిందున్న ట్రిపుల్-ఎ లీగ్‌లో కొన్నాళ్లు రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిపారు. కొన్ని ఆటల్లో ప్రతి బంతికీ యంత్రానిదే తీర్పు. మిగతావాటిలో అంపైర్‌దే తీర్పు, సందేహపడ్డవాళ్లు ఛాలెంజ్ చేస్తే యంత్రం చెబుతుంది. 2024 నడిమధ్యలో మొదటిదాన్ని పక్కన పెట్టేశారు. నాకు సంతోషం కలిగింది. అంచున పడ్డ బంతిని మణికట్టు చిన్నగా తిప్పి లోపలికి తెచ్చుకునే క్యాచర్ చేయి ఎంత అందంగా ఉంటుందో పైనుంచి నాకు కనిపిస్తుంది. ప్రతి బంతికీ నేనే చెబితే ఆ చేతికి పనేముంది? ఏళ్ల తరబడి మోకాళ్లు అరగదీసుకుని నేర్చిన విద్య అది.

నాకు గొంతు వచ్చిన రోజు 2025 జులై 15. మేటి ఆటగాళ్లందరూ కలిసి ఆడే ఆల్‌స్టార్ ఆట మా మైదానంలోనే. మొదటి ఇన్నింగ్స్‌లో తారిక్ స్కూబల్ వేసిన కింది బంతిని మానీ మచాడో వదిలేశాడు. అంపైర్ చేయి లేవలేదు. క్యాచర్ కాల్ రాలీ వెంటనే తన తల మీద తట్టుకున్నాడు. ఛాలెంజ్‌కు సైగ అదే. అడిగే హక్కు పిచర్‌కీ క్యాచర్‌కీ బ్యాటర్‌కీ మాత్రమే. బెంచీ మీంచి ఎవరూ సైగ చేయకూడదు, క్షణాల్లో అడిగేయాలి. పెద్ద తెర మీద బొమ్మ కదిలింది. బంతి కింది అంచును తాకింది. స్ట్రైక్. మచాడో అవుట్.

ఆ రాత్రి అయిదుసార్లు అడిగారు. నాలుగుసార్లు తీర్పు మారింది. 2026 సీజన్ నుంచి అన్ని మైదానాల్లోనూ ఇదే పద్ధతి అని ఆ సెప్టెంబర్‌లోనే తేల్చేశారు. ఒక్కో జట్టుకు రెండు ఛాలెంజ్‌లు. గెలిస్తే అది చేతిలోనే ఉంటుంది, ఓడితే పోతుంది.

నాకు మాత్రం అయిదింటిలో మారని ఆ ఒక్క తీర్పే ఎక్కువ గుర్తొస్తుంది. పన్నెండుమందిమి కలిసి లెక్క కట్టి తెర మీద పెట్టింది, అంపైర్ ముఖం మీది జాలీ వెనక నుంచి ఒంటరిగా, ఒక్కసారే చూసి చెప్పినదే. తెర ఆరిపోయింది. ఆయన మళ్లీ క్యాచర్ వెనక వంగాడు. నేను పిచర్ చేతికేసి చూశాను.