వర్డిల్ సూత్రానికి టీకా, తాత్పర్యం

మూలం: పంచాక్షరీం షడ్భిరూహైః సాధయేత్.

టీకా: పంచాక్షరీం = ఐదు ఇంగ్లీషు అక్షరాల పదాన్ని (శివమంత్రమని భ్రమపడరాదు); షడ్భిః = ఆరైన; ఊహైః = ఊహలతో; సాధయేత్ = సాధించవలెను.

తాత్పర్యం: 2021లో జోష్ వార్డిల్ లోకం మీదికి వదలగా 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కున్న ఆటలో, రోజుకొక పదాన్ని ఆరు ప్రయత్నాల లోపు పట్టుకోవాలని భావం. అక్షరం తన చోటనే ఉంటే పచ్చ, పదంలో ఉండీ చోటు తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా 'ఊహైః' దగ్గరే. ఊహ అంటే జవాబు కావచ్చునని తోచిన పదమేనని లోకుల మతం. మిగిలిన పదాలను వీలైనన్ని చిన్న గుంపులుగా చీల్చేదే ఊహ అని మా మతం. ప్రమాణం కావాలంటే ఎమ్‌ఐటీ పండితులు బెర్ట్‌సిమాస్, పాస్కోవ్ వేసిన లెక్క ఉంది. వారు తేల్చిన ఉత్తమ ప్రారంభ పదం ఎస్-ఎ-ఎల్-ఇ-టి, సాలెట్; అంటే పాతకాలపు సైనికుల శిరస్త్రాణం. దానితో మొదలుపెట్టి పొరపాటు లేకుండా ఆడితే సగటున 3.421 ఊహల్లో ఆట ముగుస్తుంది. చిత్రమేమిటంటే, ఆట తొలినాటి 2,315 జవాబుల జాబితాలో సాలెట్ లేనే లేదు! మొదటి దెబ్బకే జవాబు తగిలే యోగం పోయింది కదా అంటారేమో. ఆ యోగం 2,315లో ఒక వంతు, పోతే పోనివ్వండి.

నాలుగు అచ్చులున్న 'అడ్యూ'తో మొదలుపెట్టడమే మేలని పూర్వపక్షం. అచ్చు లేని పదం అరుదు కనుక, ఎ, ఇ ఉన్నాయని తెలిసినంత మాత్రాన వందల పదాలు అలాగే మిగిలిపోతాయి. పదాన్ని గుర్తుపట్టించేది ఆర్, టి, ఎల్, ఎస్, ఎన్ వంటి హల్లులు. 'అడ్యూ'లో ఉన్న ఒక్క హల్లూ డి.

ఇక అసలు పరీక్ష అంత్యప్రాస దగ్గర. చివరి ఐ-జి-హెచ్-టి పచ్చబడింది; లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఫైట్, ఎయిట్ ఎనిమిదీ నిలిచే ఉన్నాయి; చేతిలో నాలుగు ఊహలున్నాయి అనుకుందాం. ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే గెలుపు సగానికి సగం. అలా కాక 'స్నార్ల్' వేస్తే సైట్, నైట్, రైట్, లైట్‌లలో ఏదైనా అప్పుడే బయటపడుతుంది. అన్నీ బూడిదైతే 'ఫ్రేమ్' వేయాలి: ఎఫ్ పలికితే ఫైట్, ఎమ్ పలికితే మైట్, ఇ పలికితే ఎయిట్, ఏదీ పలకకపోతే టైట్. మూడో ఊహకు జవాబు చేతిలో ఉంటుంది, ఇంకొకటి మిగులుతుంది కూడా. ఫ్రేమ్‌లో ఆర్, ఎ మళ్లీ వచ్చాయి, పునరుక్తి దోషం కాదా అని శంక. ప్రయోజనం ఉన్న పునరుక్తిని ఆలంకారికులే దోషమనలేదు. కావలసిన మూడక్షరాలూ ఒక్క పదంలో కుదరడమే ఇక్కడి ప్రయోజనం.

దొరికిన గుర్తులను ప్రతి ఊహలోనూ వాడి తీరాలనే 'హార్డ్ మోడ్' వారికి స్నార్ల్ నిషిద్ధం కదా? నిషిద్ధమే. కనుక వారు చీల్చే పనంతా ఆ నాలుగూ పచ్చబడక ముందే కానివ్వాలి. పచ్చబడ్డాక వచ్చి ఉపాయం అడిగితే ఏ టీకాలోనూ దొరకదు.