ముల్లు పద్యం: సటీకా తాత్పర్యం

ఆ.వె.
ముల్లు నమ్మవలదు మునుముందు లోడుతో
పట్టి చూడకుండ, పవరు నింపి
కేబులెంత మింగె గీతలోపల దాచి
గాలికెరుక, పైని కాకికెరుక

అవతారిక: 1977 నవంబరు 19న ఉప్పెన కృష్ణా డెల్టాలోని దివిసీమను ముంచింది. తీగలూ స్తంభాలూ కూలినప్పుడు పనికొచ్చేది రేడియోయే అని అక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఆ రేడియో పంపిన పవరులో కొంత, యాంటెన్నా ఒప్పుకోక, వచ్చిన దారినే తిరిగొస్తుంది. ఎంత తిరిగొచ్చిందో ముల్లుతో చెప్పేది ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో) మీటరు. 100 వాట్లు వెళ్లి ఏమీ తిరిగిరాకపోతే అది 1 చూపుతుంది, 4 తిరిగొస్తే 1.5, 11 తిరిగొస్తే 2. మరి ఆ మీటరు నిజమే చెబుతోందా? ఈ సందేహం తీర్చడానికే కవి పూనుకున్నాడు. మూలంలో లేనిది రాయనన్న కోలాచల మల్లినాథసూరి మన తెలుగువాడే. ఆయనకు హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు లేదు గనక ఈ టీకాకర్త ఆ ప్రతిజ్ఞకు బద్ధుడు కాడు.

అన్వయం: పవరు నింపి, మునుముందు లోడుతో పట్టి చూడకుండ, ముల్లు నమ్మవలదు. రెండో పాదం చివరనున్న ‘పవరు నింపి’ని ముందుకు లాగాలి. దాన్ని మూడో పాదానికి తగిలించిన వ్యాఖ్యాతలు కేబులే పవరు నింపుతుందని అపార్థం చేసుకున్నారు. అది మింగుతుందే గాని నింపదు.

ప్రతిపదార్థం: పవరు నింపి = మీటరు మేలుకొనేంత పవరు పంపి. లోపల ఉండే డయోడుకు కొంత వోల్టేజీ అందితేగాని చలనం ఉండదు. అర వాట్‌తో పరీక్షిస్తే తిరిగొచ్చే పిసరు దాన్ని తాకదు, ముల్లు సున్నా మీదే పడుకుంటుంది, యజమాని మురిసిపోతాడు.

లోడుతో = ఎన్ని ఓములో ముందే తెలిసిన లోడుతో. పద్యానికి ప్రాణం ఈ మాటే. 1 కిలో ఓము కార్బన్ రెసిస్టర్లు ఇరవై తీసుకుని, ఒక టిన్ను మూత చుట్టూ వరసగా, కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి సాల్డరు చేస్తే 50 ఓములు. తీగ చుట్టిన రెసిస్టర్లు పనికిరావు, రేడియో కంటికి అవి కాయిళ్లు. ఈ మూత తగిలిస్తే మీటరు 1 చూపాలి. చాలామంది ఇక్కడే ఆగి దణ్ణం పెడతారు. ఆగకూడదు. పది రెసిస్టర్లు కత్తిరించి పారేస్తే మిగిలింది 100 ఓములు, ఇప్పుడు 2 చూపాలి. తర్వాత మీటరు ఇన్, అవుట్ తలకిందులు చేసి కలిపితే ఇందాక ‘వెళ్లింది’ అన్న అంకె ‘తిరిగొచ్చింది’ వైపు కనబడాలి. వెళ్లేదాన్నీ వచ్చేదాన్నీ 20 డెసిబెల్స్ మేరకే విడదీయగల మీటరు అసలైన 2ను 1.6 అనీ అనగలదు, 2.5 అనీ అనగలదు.

నమ్మవలదు = ఖరీదైనదైనా సరే. బర్డ్ 43 వంటి పేరున్న వాట్‌మీటరుకే పూర్తి స్కేలులో 5 శాతం తేడా ఉండొచ్చని తయారీదారే ఒప్పుకుంటాడు. 100 వాట్ల స్కేలు మీద ఎక్కడైనా 5 వాట్లు అటూ ఇటూ. అక్కడ 4 వాట్లు చదివినవాడు ఏమీ చదవనట్టే. అందుకు 10 వాట్ల స్లగ్గు (స్కేలు మార్చడానికి మీటరులో దూర్చే బిళ్ల) పెట్టుకోవాలి.

పాఠాంతరం: ‘నమ్మవచ్చు’ అని మీటర్లు అమ్మేవాళ్ల పాఠం. గణాలు సరిపోతాయి. లోడు సరిపోదు.

ఉత్తరార్ధం: 145 మెగాహెర్ట్జ్ దగ్గర 15 మీటర్ల ఆర్‌జీ-58 కేబులు దాదాపు సగం పవరు తినేస్తుంది. తిరుగు ప్రయాణంలో మిగిలినదాంట్లో మరో సగం. కాబట్టి పైన యాంటెన్నా ఊడి పడిపోయినా కింద మీటరు 3 అంటుందే తప్ప అనంతం అనదు. పైన నిజంగా 3 ఉంటే కింద 1.7 కనిపిస్తుంది. ఇది చిలకలపూడి గిల్టు బంగారం. కేబులు పాతబడి మరింత మింగేకొద్దీ అంకె ఇంకా మెరుస్తుంది. ఈ అబద్ధంలో మీటరు తప్పు లేదు, తన దగ్గరకు చేరినదాన్నే అది చెప్పింది. ‘పైని కాకి’ అనడంలో ధ్వని: డాబా ఎక్కి యాంటెన్నా మొదట్లో మీటరు పెట్టి చూడమని.

శంక: డిజిటల్ మీటరుకు ముల్లే లేదు, ఈ పద్యం దానికి చెల్లుతుందా?

సమాధానం: చెల్లుతుంది. లోపల వెళ్లేదాన్నీ వచ్చేదాన్నీ విడదీసే కప్లరూ, డయోడూ అవే అయినప్పుడు 1.07 అని రెండు దశాంశాలు చూపడం వల్ల ఒరిగేదేమీ లేదు. నానోవీఎన్ఏ అనే చిన్న యాంటెన్నా పరీక్షా యంత్రం వాడేవాళ్లకైతే ఓపెన్, షార్ట్, లోడ్ మూడూ పెట్టి సరిచూసుకున్నాకే కొలవమన్న నియమం ఉంది. అది మన పద్యానికి శాఖాంతరం.

అలంకారం: స్వభావోక్తి. కేబులు మింగడం అతిశయోక్తి అనేవాళ్లు మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి రేవులో ఏళ్లుగా ఎండావానలకు నానిన కేబులు కొస ఒలిచి చూడాలి. అల్లిన రాగి జడ నల్లబడి, వేలితో నలిపితే పచ్చటి పొడి రాలుతుంది.