టమోటాకు ట్రూ అప్

పత్తికొండలో టమోటా రేటు కూలీకి కూడా గిట్టని రోజు మా మామ గంపలు రోడ్డు మీద కుమ్మరించి ఇంటికొచ్చినాడు. కూర్చున్నాడో లేదో కరెంటు పోయింది.

"ఏమల్లుడా, గని ఊరి సోలార్ పార్కులో అంత ఎండను కరెంటు చేసి అమ్ముకుంటాండారే, రాత్రి మనకేమొచ్చె?"

పేపర్లో రాసేవాణ్ణి, ఊరుకుంటానా? "మామా, ఎండ కరెంటూ టమోటానే. మధ్యాహ్నం అందరి పంటా ఒకేసారి మార్కెట్టుకొస్తుంది, అడిగేవాడుండడు. పొద్దుగూకి ఇంటింటా లైట్లు, ఏసీలు వేసేసరికి సరుకుండదు. అప్పుడు కరెంటు ఎక్స్ఛేంజీలో యూనిట్ పది రూపాయలు పలికిన రోజులున్నాయి."

పేపర్లలో కనబడేది మాత్రం మధ్యాహ్నం ధరే. 2015 నవంబరులో గని పార్కుకు సన్‌ఎడిసన్ యూనిట్ రూ.4.63కు పాడింది, అప్పటికి అదే రికార్డు. ఆరు నెలలు తిరక్కుండానే అమెరికాలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, ఇక్కడి పార్కులో దాని వాటా పని గ్రీన్‌కో కంపెనీ చేతికొచ్చింది. (జిల్లా చీలాక గని నంద్యాలకు పోయింది గానీ, పార్కు పేరు కర్నూలుదే.) 2017 ఏప్రిల్‌లో కడప పార్కు పాట రూ.3.15కు దిగింది. పాట పాడేకొద్దీ దిగిపోయే ధర టమోటాకు తప్ప ఇంకోదానికుందని మామకు అప్పుడే తెలిసింది.

ఆ రేట్లలో రాత్రి లేదు. రాత్రి కావాలంటే పాణ్యం మండలం పిన్నాపురం పోవాలి. కొండ మీదో చెరువు, కిందో చెరువు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలితే 1,680 మెగావాట్లు. నూరు యూనిట్లు పోస్తే ఎనభై లోపే తిరిగొస్తుంది.

"తరుగు," అన్నాడు మామ. మండీ చూసిన మనిషి.

"నీళ్లు దినామూ కొండెక్కి దిగుతాయా? సేనికి రావా?"

"రావు మామా. అవి ఉద్యోగంలో ఉన్న నీళ్లు."

కడపోళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, గండికోట దగ్గరా ఇట్లాంటిదే తలపెట్టారు. అంతదాకా రాత్రి డ్యూటీ ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీ థర్మల్ ప్లాంటు లాంటి బొగ్గు ముసలోళ్లదే. పగలు ఎండ కాస్తే తగ్గమంటారు, సాయంత్రం లేవమంటారు. బాయిలరేమన్నా గ్యాసు స్టవ్వా, తిప్పితే తగ్గి, తిప్పితే పెరగడానికి? పైగా తగ్గి కూర్చున్నా స్థిర ఛార్జీ కట్టాల్సిందే.

"ఉత్తినే కూర్చున్నా దుడ్లిస్తారా! బొగ్గుగా పుట్టినా బాగుండు," అన్నాడు మామ. "కరెంటు మురిగిపోకుండా కొండనే గోదాము చేసినారే. మా టమోటాకు జ్యూసు ఫ్యాక్టరీ అని ఎన్ని ఎలచ్చన్లు విన్న్యానో!"

కరెంటొచ్చింది. ఆ వెలుతురులో మామ బల్లమీది బిల్లు తీసినాడు.

"ఈ ట్రూ అప్ ఏంది?"

"ఎప్పుడో కరెంటు అంచనా కంటే ఎక్కువ రేటుకు కొన్నారంట. ఆ తేడా ఇప్పుడు మనం కట్టాల."

మామ లేచి చెప్పులేసుకున్నాడు.

"యాడికి మామా?"

"మండీకి. పోయినేడు టమోటా తేడా వసూలు చేసుకొస్తా."