కర్ణసంజీవని: ఒక శంషాబాదు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

చెవుల దూర్చి బుడిపె చేరె శంషాబాదు
ముఖము జూపి సంచి ముందు పెట్టి;
పాట యడిగె వాని బంధువు లెవరని
వినుట కింత లెక్క వేయనేల?

అవతారిక

వ్యాఖ్యాతలలో చక్రవర్తి మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారం వాడంటారు. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాస్తూ ఆయన రెండు ప్రతినలు పట్టాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. మొదటిది పండితులకు కష్టం, రెండోది అందరికీ కష్టం. ఈ వ్యాఖ్యాత మొదటిదానికి కట్టుబడి ఉంటాడు. రెండోదానికి పూచీ లేదు. కానీ ఆ రెండో ప్రతినే ఈ పద్యానికి తాళంచెవి అని ముందే మనవి.

పద్యం ఆటవెలది. కర్త తన పేరు చెప్పుకోలేదు. విషయాన్ని బట్టి చూస్తే అదే ఔచిత్యం.

సందర్భం ఇది. నాయకుడు మెహదీపట్నంలో క్యాబ్ ఎక్కాడు. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు, 2009 అక్టోబరులో తెరిచారు. రోడ్డు ఖాళీగా ఉంటే మూడు పాటల దూరం. ఆరాంఘర్ దగ్గర కిందికి దిగి, తిన్నగా పోతే శంషాబాదు. బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారింది 2008 మార్చిలో. అంతకు ముందు ఈ పద్యం పుట్టే అవకాశం లేదు గనుక కాలనిర్ణయం సులభం.

టీక

చెవుల = చెవులయందు; బుడిపె = ఇయర్‌బడ్‌ను; దూర్చి = చొప్పించి; ముఖము జూపి = కెమెరాకు మొహం అప్పగించి; సంచి = బ్యాగును; ముందు పెట్టి = ఎక్స్‌రే యంత్రపు పట్టీ మీద ఉంచి; శంషాబాదు చేరె = రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం చేరుకున్నాడు; పాట = పాటలు వినిపించే ఆప్ (లక్షణార్థం); వాని బంధువులు = కాంటాక్టులు; ఎవరని అడిగె = స్పష్టమే; వినుటకు = ఊరకే వినడానికి; ఇంత లెక్క వేయనేల = ఇన్ని పద్దులు రాయడం ఎందుకు.

మొదటి పాదం

రెండు చెవులకు ఒక్క బుడిపె ఏమిటి? ఛందస్సు సరిపోక అన్నవాడు అరసికుడు. బోర్డింగ్ పిలుపు వినబడాలని రెండో చెవి ఖాళీగా ఉంచుకున్నాడని సంప్రదాయార్థం. రెండోది క్యాబ్ సీటు సందులో పడిపోయిందని నవ్యుల మతం. రెండూ గ్రాహ్యమే.

బుడిపెకు తీగ ఉందో లేదో కవి చెప్పలేదు. అసలు చెప్పవలసింది అదే. తీగ ఉన్నది ఫోనుకు తప్ప ఇంకెవరికీ ఏమీ చెప్పదు. ఎఫ్ఎం రేడియో ఉన్న ఫోన్లలో ఆ తీగే యాంటెనా కూడాను. తీగ లేనిదైతే బ్లూటూత్. బ్లూటూత్ కన్నా పెద్ద చిక్కు, బుడిపెతో పాటు వేసుకోమని చెప్పే కంపెనీ ఆప్‌తో. చాలా బుడిపెలు ఆ ఆప్ లేకుండానే ఫోనుతో జతకడతాయి. 2017లో అమెరికాలో, షికాగోలో, ఒక శ్రోత బోస్ కంపెనీ మీద దావా వేశాడు. హెడ్‌ఫోన్ల ఆప్ తాను వినే పాటల పేర్లు పోగుచేసి వేరే సంస్థకు పంపుతోందని ఆరోపణ. కంపెనీ దాన్ని తోసిపుచ్చింది. ఎవరిది నిజమైనా, పాట చెవికి చేరే దారిలో మూడో మనిషి కూర్చోవడానికి చోటుందని లోకానికి తెలిసింది.

‘చేరె శంషాబాదు’ అన్న మాటకు అంతరార్థం వైఫై. గేటు దగ్గర కూర్చుని ఫోనులో వైఫై జాబితా తెరిస్తే, తోటి ప్రయాణికుల హాట్‌స్పాట్లు పేర్లతో సహా దర్శనమిస్తాయి. ఫలానావారి ఐఫోన్, ఫలానావారి ఐఫోన్. ఫోను సెట్టింగులో ఆ పేరు మార్చడానికి అర నిమిషం చాలు. ఇక విమానాశ్రయం వారి ఉచిత వైఫై ఎక్కాలంటే నంబరిచ్చి ఓటీపీ కొట్టాలి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ఏ వైఫైకి పోయినా తమ అసలు యంత్ర చిరునామా దాచి, కల్పిత చిరునామా ఇస్తున్నాయి. మంచి ఏర్పాటే. కానీ ఓటీపీ దగ్గర అది, మారువేషం వేసుకుని వెళ్లి గుమ్మంలో ఇంటిపేరుతో సహా చెప్పినట్టే. పాట మాత్రం గుప్తలిపిలో వస్తుంది కనుక, మనం ఏ పాట విన్నామో వైఫై వాడికి తెలియదు. ఏ పాటల కంపెనీ గడప తొక్కామో తెలుస్తుంది.

రెండవ పాదం

ఇక్కడ కవి నిష్పక్షపాతి. మొహం చూపించాడు, సంచి ముందు పెట్టాడు, సణగలేదు. 2019లోనే ఈ విమానాశ్రయంలో ముఖాన్ని బట్టి ప్రయాణికుణ్ణి గుర్తించే ప్రయోగం జరిగింది. ఇప్పుడు డిజియాత్ర పేరుతో అది మామూలైంది. దాని మంచిచెడ్డల మీద వేరే గ్రంథం రాయవచ్చు. ఇక్కడికి కావలసిన సంగతి ఒక్కటే: విమానం బయల్దేరిన 24 గంటల్లోగా ఆ ముఖం వివరాలను విమానాశ్రయం యంత్రాల నుంచి తుడిచేస్తామని దాని నియమం. సంచి సంగతీ అంతే. కత్తెర ఉందా, బ్యాటరీ ఉందా చూస్తారు. కింద గోంగూర పచ్చడి ఉందా, ఆవకాయా అని పద్దు రాసుకోరు. అంటే తనిఖీకి ఒక కారణం, ఒక హద్దు, ఒక గడువు ఉన్నాయి, కనీసం కాగితం మీద. బాంబుల భయం ఉన్నచోటే ఇంత మర్యాద ఉంటే, పాట దగ్గర ఎంత ఉండాలి? ఈ ప్రశ్న కోసమే కవి రెండో పాదం రాశాడు. లేకపోతే అది యతికి తప్ప దేనికీ పనికిరాదు.

మూడవ పాదం

పద్యానికి ప్రాణం ఇదే. ‘బంధువు లెవరని’ అన్నచోట శ్లేష.

మొదటి అర్థం: ఆప్ వేసుకోగానే కాంటాక్టులు చూడనిమ్మంటుంది. మీ స్నేహితులు ఏం వింటున్నారో చూపిస్తామని సాకు. మేనత్త నంబరు తెలిస్తేనే గాని త్యాగరాజ కీర్తన మోగదా? మోగుతుంది. ‘వద్దు’ నొక్కితే కోపగించుకోకుండా మోగుతుంది.

రెండో అర్థం క్యాబ్ ఎక్కినవాడికే తెలుస్తుంది. ఆరాంఘర్ దాటాక డ్రైవరన్న పాటలు విసుగెత్తి, ‘అన్నా, నా ఫోన్ కనెక్ట్ చేస్కోనా?’ అంటాడు నాయకుడు. కారు స్టీరియోకు బ్లూటూత్ కలుపుతుండగా ఫోను తెర మీద చిన్న ప్రశ్న వస్తుంది: కాంటాక్టులు, కాల్ వివరాలు ఈ కారుకు ఇవ్వనా? తొందరలో ‘సరే’ అంటాడు. మనిషి దిగి విమానం ఎక్కి వెళ్లిపోతాడు. వాళ్ల బావమరిది నంబరు మాత్రం చాలా కార్లలో ఎవరైనా చెరిపేదాకా ఆ స్టీరియోలోనే ఉండి, మళ్లీ మెహదీపట్నం వస్తుంది. ఇందులో డ్రైవర్ తప్పేమీ లేదు. ఆ ప్రశ్నకు కాదనడం, దిగేముందు కారు జాబితాలోంచి ఫోను పేరు తీసేయడం, రెండే చికిత్సలు. పాత కార్లలో ఆక్స్ తీగ ఉంటే అంతకన్నా పుణ్యం లేదు.

ఇప్పుడు మల్లినాథుడి ప్రతిన. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరో సెక్షన్ చెప్పేదేమిటంటే, చెప్పిన పనికి అవసరమైనంత సమాచారానికే మనిచ్చిన సమ్మతి వర్తిస్తుంది. శాసనంలోనే ఉదాహరణ ఇచ్చారు: ఫోనులో వైద్యం చేసే ఆప్ కాంటాక్టుల జాబితా అడిగి, మనం సరే అన్నా సరే, వైద్యానికి అది అక్కర్లేదు కనుక ఆ సమ్మతి దానికి చెల్లదు. అక్కర్లేనిది చెప్పను అని కొల్చారం పండితుడు తనకు తాను పెట్టుకున్న నిబంధన, అక్కర్లేనిది అడగకు అనే రూపంలో పార్లమెంటు దాకా వెళ్లింది. సమ్మతి అడిగే కాగితాన్ని ఎనిమిదో షెడ్యూలు భాషల్లోనూ చదువుకునే వీలుండాలని కూడా ఆ చట్టంలో ఉంది. అంటే తెలుగులో అడిగే రోజు రావాలి. ఆ తెలుగు ఎలా ఉంటుందో తలచుకుంటే, దానికీ టీకా తాత్పర్యం రాయవలసి వస్తుందేమోనని నా భయం.

నాలుగవ పాదం

పూర్వపక్షి లేచి అంటాడు: ‘పాటలు వింటే లెక్క వేయకపోతే ఎలా? రాసినవాడికి, పాడినవాడికి డబ్బు ఏ లెక్కన పోతుంది?’ న్యాయమైన ప్రశ్న. స్పాటిఫైలో 30 సెకన్లు మోగితే ఒక లెక్క. పాటకు ఈ లెక్క వేయడంలో తప్పులేదు. కవి నిషేధించింది దీన్ని కాదు. ‘ఇంత’ అన్న పదం గమనించాలి. పాటను లెక్కపెట్టడానికి వినేవాణ్ణి లెక్కపెట్టనక్కర్లేదు.

‘ఇంత’ అంటే ఎంత? స్పాటిఫై వాడేవారు తమ పూర్తి చిట్టా పంపమని కంపెనీనే అడగవచ్చు. వస్తుంది. ఒక్కో పాటకు ఒక్కో పద్దు: ఏ క్షణాన మొదలెట్టారు, ఎన్ని మిల్లీసెకన్లు విన్నారు, ఏ దేశంలో, ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి, పాట ఎందుకు ఆగింది, మధ్యలో దాటేశారా. విమానంలో నెట్ లేకుండా వింటే, ఆఫ్‌లైన్‌లో విన్నారని ఇంకో గడి. నేల మీదికి దిగి నెట్ కలవగానే అదీ ఎక్కుతుంది. అన్నిటికన్నా రసవత్తరమైన గడి ఒకటుంది. ప్రైవేట్ సెషన్ అని ఆప్‌లో ఒక మీట ఉంది. నొక్కితే మీరు వినేది స్నేహితులకు కనబడదు. చిట్టాలో మాత్రం ‘ఇది ప్రైవేట్‌గా విన్నది’ అని గుర్తు పెట్టి మరీ రాస్తారు. రహస్యంగా విన్నవాటి జాబితా విడిగా తీయాలంటే ఇంతకన్నా సౌకర్యం ఉండదు.

‘దాచుకోవలసింది లేనివాడికి భయమేమిటి?’ అని పూర్వపక్షి రెండోసారి లేస్తాడు. వీడు ప్రతి గ్రంథంలోనూ ఉంటాడు. తెల్లవారుజామున సుప్రభాతమా, నాతా, క్రైస్తవ కీర్తనా? మతం తెలిసిపోయింది. మధ్యాహ్నం మూడింటికి లాలిపాట పదేపదే మోగితే ఇంట్లో పసిబిడ్డ. రాత్రి రెండింటికి ఘంటసాల విషాద గీతాలు నెల్లాళ్లు వరుసగా మోగితే, ఇంట్లోవాళ్లు అడగని సంగతి కంపెనీకి తెలుసు. 2016 చివర స్పాటిఫై అమెరికాలో వీధి బోర్డులు పెట్టింది. ప్రేమికుల దినం నాడు క్షమాపణ పాట 42 సార్లు విన్న ఒక అజ్ఞాత శ్రోతను, ఏం చేశావేమిటని ఎగతాళిగా అడిగారు. పేరు లేదు, నిజమే. ఆ శ్రోత మాత్రం తన్ను తాను గుర్తుపట్టి ఉంటాడు. 2021 జనవరిలో అదే కంపెనీకి ఒక పేటెంటు వచ్చింది: గొంతును బట్టి మనసు స్థితి, వయసు, యాస పసిగట్టి పాట ఎంచిపెట్టే పద్ధతి. దాన్ని వాడలేదని, వాడే ఆలోచన లేదని కంపెనీ తర్వాత చెప్పుకుంది.

పూర్వపక్షికి అసలు సమాధానం 2017 ఆగస్టు 24న వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. వారిలో జస్టిస్ చలమేశ్వర్ విడిగా రాసిన తీర్పులో గోప్యతను మూడు పాయలు చేశారు: ఎవరూ కదపని విశ్రాంతి, ఎవరూ చొరబడని ఆశ్రయం, ఎవరూ కలగజేసుకోని ఆంతరంగిక నిర్ణయం. కళ్లు మూసుకుని పాట వినేవాడికి మూడూ ఒకేసారి కావాలి. ఆయన పుట్టిన పెదముత్తేవి కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉంది. క్షేత్రయ్య మువ్వగోపాల ముద్ర వేసుకున్న మొవ్వ అదే. నాయిక చెలికత్తె చెవిలో చెప్పిన మాటలనే పదాలుగా కట్టిన వాగ్గేయకారుడి గడ్డ నుంచి ఈ తీర్పు రావడం కాకతాళీయమే. కాకతాళీయాన్ని వదులుకునే వ్యాఖ్యాత ఇంకా పుట్టలేదు.

లెక్క లేకుండా విన్న కాలం మనకేమీ కొత్త కాదు. 1952లో సమాచార శాఖ మంత్రి అయిన కేస్కర్ గారికి సినిమా పాటలు గిట్టవు. ఆకాశవాణిలో అవి అడుగంటాయి. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. అక్కడి అనౌన్సరు మీనాక్షీ పొన్నుదురై తెలుగు గొంతు ఇంటింటా మోగింది. చివరికి 1957లో వివిధభారతి పెట్టక తప్పలేదు. రేడియోకు ఆ రోజుల్లో పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి గనుక, ఇంట్లో రేడియో ఉందని సర్కారుకు తెలుసు. ముల్లు ఎక్కడ ఆగిందో తెలియదు. గాలిలో వచ్చే పాటకు వినేవాడి వైపు తిరిగి చూసే కన్ను లేదు. హైదరాబాదులో వివిధభారతి ఇవాళ్టికీ 102.8 మీద అలాగే వస్తోంది.

రేడియో వద్దు, నచ్చిన పాటే కావాలంటే, మెమరీ కార్డు ఉంది. స్మార్ట్‌ఫోన్లు రాకముందు ప్రతి ఊరి సెల్ షాపులో ‘పాటలు ఎక్కించబడును’ అని బోర్డు ఉండేది. ఎక్కించే కుర్రాడికి మన అభిరుచి తెలిసేది, సాయంత్రానికి మరిచిపోయేవాడు. ఆ పాటలకు హక్కుదారుకు పైసా పోలేదన్నది వేరే పాపం. కొన్న ఫైళ్లు, సొంత సీడీల నుంచి తీసుకున్నవి ఫోనులో వేసుకుని వీఎల్‌సీ లాంటి ఖాతా అడగని ప్లేయర్‌తో వింటే ఆ పాపమూ లేదు, ఈ పద్దూ లేదు. అంత ఓపిక లేనివారు యూట్యూబ్‌లో చరిత్ర ఆపేయవచ్చు, ఫోనులో ప్రకటనల గుర్తింపు సంఖ్య చెరిపేయవచ్చు. సగం ఫలం.

పాఠాంతరం

నాలుగో పాదం కొన్ని ప్రతులలో ‘వినెడు వాడె సరకు విపణిలోన’ అని కనిపిస్తుంది. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది, వినడానికి దెబ్బ కొట్టినట్టు ఉంది. యువకులు ఇదే ఇష్టపడతారు. నేను స్వీకరించను. ఆ పాఠం చదివినవాడు, ఊరికే వచ్చింది కనుక మనమే సరకు అయ్యాం, నెలనెలా డబ్బు కట్టేస్తే శ్రోతగా మిగులుతాం అనుకుంటాడు. డబ్బు కట్టినవాడి చిట్టాలోనూ అవే గడులు, అవే మిల్లీసెకన్లు. పాటకూ పాటకూ మధ్య సబ్బు ప్రకటన ఒక్కటే తగ్గుతుంది.