అరచేతిలో గ్రీజు

మా ఇంట్లో జీడిపప్పు నానబెట్టుకునే స్టీలు బేసిను ఒకటి ఉండేది. ఇప్పటికీ ఉంది గానీ అందులో పప్పు నానదు. చింతపండుతో తోమి, ముగ్గుపిండితో రుద్ది, నాలుగు రోజులు ఎండలో బోర్లించినా డీజిలు కంపు వదలకపోయేసరికి మా ఆవిడ దాన్ని పెరట్లో కోళ్లకి ధారాదత్తం చేసింది. అందులో నీళ్లు తాగడానికి కోళ్లు కూడా రెండు రోజులు తటపటాయించాయి.

ఆ పాపం నాది. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైన మనిషిని. ఘర్షణ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఘర్షణను తగ్గించే పద్ధతులు రాయమంటే నునుపు చేయడం, కందెనలు వాడటం, బాల్ బేరింగులు వాడటం అని పిల్లలు గడగడా రాసేవారు. నేను గబగబా మార్కులు వేసేవాణ్ణి. బేరింగును చేత్తో పట్టుకున్న పాపాన వాళ్లూ పోలేదు, నేనూ పోలేదు.

మాది పలాస. మా ఆవిడది వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం. పుట్టింటి తరఫున ఆవిడకి కొబ్బరీ జీడీ కలిసిన ఎకరంన్నర తోటా, మా బావమరిది ట్రాక్టరు వెనకాల తగిలించే ట్రక్కులో సగం వాటా వచ్చాయి. ట్రక్కులో ఏ సగం మాదో పంపకాలప్పుడు తేల్చలేదు. పాడైన సగం ఎప్పుడూ మాదే అని తర్వాత్తర్వాత అర్థమైంది.

ఆ ట్రక్కు పడ్డ కష్టం మామూలుది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం మీద పడ్డప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. కాపుకి రావడానికి ఏళ్లు పట్టే చెట్టు కూలడానికి ఒక్క పూట పట్టింది. ఆ తర్వాత నెలల తరబడి ఈ ట్రక్కే మొద్దులు మోసింది. ఎంత బరువు వేశామో, ఎంత ఇసకలో ఈడ్చామో చూసినవాళ్లు లేరు. చక్రాల్లో గ్రీజు సంగతి ఆ ఏడుపులో ఎవరికి గుర్తుంటుంది? ఆ తర్వాత ఏడుపు తగ్గినా గుర్తు రాలేదు.

ఆమధ్య ఎడమ చక్రం గుర్రుమనడం మొదలుపెట్టింది. కాశీబుగ్గలో ఒక మెకానిక్కుని అడిగితే రెండు చక్రాలూ విప్పి, బేరింగులు కడిగి, గ్రీజు పెట్టి, సీళ్లు మార్చడానికి పన్నెండు వందలన్నాడు. "కడగడానికీ పూయడానికీ పన్నెండొందలా!" అన్నాను. అంతటితో ఊరుకుంటే ఈ వ్యాసం ఉండేది కాదు. "అది నేనే చేసుకుంటాను" అని కూడా అన్నాను.

ఆదివారం పొద్దున్నే తోటలో అత్తారింటికి వెళ్లాం. పని మొదలుపెట్టేముందు ఉపన్యాసం ఇవ్వకపోతే నాకు చెయ్యి ఆడదు. 1898లో అమెరికాలో హెన్రీ టిమ్‌కెన్ అనే బళ్లు కట్టే ఆయన ఈ టేపర్ రోలర్ బేరింగుకి పేటెంటు తీసుకున్నాడని మా బావమరిదికి చెప్పాను. బండి తిన్నగా నడిచేటప్పుడు బరువు పైనుంచి పడుతుంది, మలుపు తిరిగేటప్పుడు పక్కనుంచి నెడుతుంది, రోలర్లు ఏటవాలుగా ఉంటే ఆ రెండు బరువుల్నీ ఒక్కటే బేరింగు మోస్తుంది అన్నాను. బేరింగు మీద చెక్కిన నంబరులో చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి బెజ్జం ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుందనీ, 30206 అయితే ముప్పై అనీ చెప్పాను.

"అలగేటి బావా! ఇంతకీ పానా తెచ్చినావా?" అన్నాడు.

తేలేదు.

పానా వచ్చాక జాకీ పెట్టాం. ఉద్దానం ఇసకలో జాకీ ఎత్తుతున్నకొద్దీ ట్రక్కు లేవదు, జాకీయే కిందకి దిగుతుంది. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం అని బోర్డు మీద వేలసార్లు రాసిన చెయ్యి ఇది. ఆ చెయ్యి పావుగంట సేపు అదే ఇసకలో అదే జాకీని కొడుతూ కూర్చుంది. చివరికి మా ఆవిడ ఇంట్లోంచి పీట తెచ్చి జాకీ కింద పడేసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఏమైనా అనుంటే బాగుండేది.

హబ్బు మూత ఊడదీసి, వంకరపోయిన కాటరు పిన్నుని సాగదీస్తే సగంలో పుటుక్కుమంది. నట్టు విప్పి చక్రం కదిపేసరికి బయటి బేరింగు జారి తిన్నగా ఇసకలోకి దూకింది. లోపల గ్రీజు ఉండాల్సిన చోట పాలెక్కువైన టీ లాంటి పదార్థం కనిపించింది. నాకది చూడగానే వెలిగింది. మా బావమరిది లోడు దించీ దించగానే ట్రక్కుని గెడ్డలో దింపి కడుగుతాడు. అప్పటిదాకా తిరిగిన హబ్బు వేడి మీద ఉంటుంది. చల్లటి నీళ్లు తగలగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, అరిగిపోయిన సీలు సందులోంచి నీళ్లని పీల్చుకుంటుంది. కారణం అంత చక్కగా చెప్పగలిగినవాణ్ణి, అరిగిన ఆ సీలునే తుడిచి మళ్లీ ఎందుకు వేశానంటే, చూడ్డానికి బాగానే ఉంది. అంతే.

కుడి చక్రమూ విప్పాక పప్పు బేసిను తెచ్చాను. డీజిలు పోసి బేరింగులు నాలుగూ ఒకేసారి అందులో వేసి కడిగాను. ఏ బేరింగు హబ్బులోని ఏ గిన్నెలో తిరిగి అరిగిందో ఆ గిన్నెలోకే మళ్లీ వెళ్లాలి, జోడీ మారకూడదు. ఆ ముక్క నాకు తర్వాత మెకానిక్కు చెప్పాడు. ఆ పూట మాత్రం నాలుగింటినీ సామూహిక వివాహాల్లో పెళ్లికొడుకుల్లా వరసగా ఆరబెట్టి, చేతికి వచ్చినదాన్ని చేతికి వచ్చిన చోట కూర్చోబెట్టాను.

ఒక్క పని మాత్రం బాగా చేశానని ఇప్పటికీ చెప్పుకుంటాను. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు ముద్ద పెట్టుకోవాలి. కుడిచేత్తో బేరింగు పట్టుకుని, దాని వెడల్పు అంచుని అరచేతి అంచుకేసి నొక్కుతూ కొద్దికొద్దిగా గ్రీజుని గీరుకోవాలి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. పది పన్నెండు నొక్కులయ్యాక రోలర్ల సందుల్లోంచి అవతలి వైపున సన్నగా, వరసగా, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు గ్రీజు బయటికొస్తుంది. కొంచెం తిప్పి మళ్లీ నొక్కాలి. పైపైన పూస్తే లోపల గాలి మిగిలిపోతుంది, నొక్కి ఎక్కిస్తేనే ప్రతి రోలరూ తడుస్తుంది. అలాగని హబ్బంతా గ్రీజుతో కూరకూడదు, ఎక్కువైనా వేడెక్కుతుంది. ఆ ఉదయం కొబ్బరి నీడలో కూర్చుని నాలుగు బేరింగులూ నింపేసరికి మోచేతి దాకా నల్లబడ్డాను. మా ఆవిడ వచ్చి చూసి, "గోరింటాకు బాగానే పండింది" అంది.

మా అత్తగారు వరండాలోంచి, "మీ మావయ్యగోరు ఎడ్లబండికి ఆవదంలో గడ్డి మసి కలిపి పెట్టేవోరు. ఎదురు గొట్టంలో పోసి బండి కిందే కట్టుకునేవోరు" అన్నారు. ఆ కందెన మాట వినగానే నేను ప్రయోగశాల మనిషినైపోయి లిథియం గ్రీజు గొప్పతనం చెప్పబోయాను. ఆవిడ అప్పటికే కళ్లు మూసుకున్నారు. మా ఇంట్లో ఆవిడకి నిద్రపట్టించగలిగేది నేనొక్కణ్ణే.

చక్రం ఎక్కించి నట్టు బిగించాను. ఎంత బిగిస్తే అంత క్షేమం అనుకుని, పానా మీద నిలబడి మరీ బిగించాను. ఈ రకం బేరింగుకి అది విషం. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ వదులు చేసి, వేళ్లతో బిగిసినంత మేరకే ఉంచి, దగ్గరి బెజ్జంలో కొత్త పిన్ను వేయాలి. నా దగ్గర కొత్త పిన్ను లేదు. మా ఆవిడ పమిటకి పెట్టుకునే పెద్ద పిన్నీసు అడిగి పుచ్చుకుని, నట్టు గాడిలోంచి దూర్చి నొక్కేశాను.

చేతులు కడుక్కుంటుంటే మా ఆవిడ బేసిను అడుగునుంచి ఏదో తీసింది. గుండ్రటి ఉంగరం, లోపలి అంచున చిన్న నాలుక. "ఇదేటండీ? మిగిలిపోనాది" అంది.

"అది అదనం. కంపెనీవాళ్లు ఒకటి ఎక్కువే ఇస్తారు" అన్నాను.

ఈ వ్యాసంలో నేను ఒప్పుకోవాల్సిన తప్పు అసలు ఇదే. బేసిను, పీట, పిన్నీసు, ఇవన్నీ చిల్లర నేరాలు. తెలియని దానికి తెలియదు అనకుండా అంత ధీమాగా, అంత వెంటనే, ఆవిడ కళ్లలోకి చూస్తూ జవాబు చెప్పాను చూడండి, అది ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు ఇచ్చిన రోగం. క్లాసులో పిల్లవాడు లేచి నిలబడితే ఏదో ఒకటి చెప్పేయాలి, లేకపోతే వెనక బెంచీ నవ్వుతుంది. ఇంట్లో వెనక బెంచీ లేదని ఎవరూ నాకు చెప్పలేదు.

మర్నాడు ఆరు వందల కాయలు వేసుకుని టెక్కలి బయల్దేరాం. ముందు ట్రక్కు, వెనక స్కూటరు మీద మేమిద్దరం. పూండి దాటాక మా ఆవిడ ముక్కు ఎగబీల్చి, "మాడు వాసన" అంది. ఎక్కడో చెత్త తగలబెడుతున్నారన్నాను. ఆవిడ ఒప్పుకోక ట్రక్కు ఆపించింది. దిగి తిన్నగా ఎడమ చక్రం దగ్గరికెళ్లి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపుతో హబ్బుని తాకింది. తాకీ తాకగానే లాగేసుకుంది. కుడి చక్రాన్నీ చూసింది. అది కూడా కాలుతోంది గానీ ఇంతలేదంది.

ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్న బండి ఇరుసు అలాగే చూసేవారట. మా తాత నౌపడ నుంచి పర్లాకిమిడి వైపు పోయే చిన్న రైల్లో పనిచేశాడు. 1900లో మొదలై, 1931కి గుణుపురం దాకా సాగి, 2004లో గేజి మార్చడానికి ఆగేదాకా నడిచిన బుల్లి రైలది. ఆయన కూడా స్టేషన్లో బండి ఆగగానే ఇరుసు పెట్టెల మీద చెయ్యి వేసుకుంటూ పోయేవాడని మా నాన్న చెప్పేవాడు. రెండు వంశాల్లో ఇంత విద్య ఉండగా, నా దగ్గరికొచ్చేసరికి అది నాలుగు మార్కుల ప్రశ్న అయి కూర్చుంది.

రోడ్డు పక్కనే మూత తీసి నట్టు వదులు చేశాను. పావు చుట్టు సరిపోయేది, కసితో చుట్టున్నర తిప్పాను. అదే పిన్నీసు మళ్లీ గుచ్చాను. కొంతదూరం పోయాక మా ఆవిడ, "చక్రం ఊగుతున్నాదండీ" అంది.

"రోడ్డు గతుకులు. మన స్కూటరు ఊగితే అది ఊగినట్టు కనిపిస్తుంది. దీన్ని సాపేక్ష చలనం అంటారు" అన్నాను.

సాపేక్ష చలనం అన్న మాట పూర్తవుతుండగా చక్రం ట్రక్కుని వదిలేసింది. పక్కకి పడలేదు. ట్రక్కుతో పాటే పరిగెత్తి, దాన్ని దాటి, ట్రాక్టరునీ దాటి, మా బావమరిది నోరు తెరుచుకుని చూస్తుండగా ఒక్క ఎగురు ఎగిరి జీడితోటలోకి వెళ్లిపోయింది. ట్రక్కు ఎడమ మోకాలు విరిగినట్టు కూలబడి, ఇరుసు తారు గీసుకుంటూ పది గజాలు పోయి ఆగింది. అప్పటిదాకా కూర్చున్న కాయలు ఒక్కొక్కటే లేచి రోడ్డు మీదకి షికారు బయల్దేరాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఆ ఒక్క పుణ్యం దక్కింది.

చుట్టుపక్కలవాళ్లు పరిగెత్తుకొచ్చారు. "ఏటైనాది మేస్టారూ?" అన్నారు. ఎంతమంది ఉంటే అంత పెద్ద క్లాసు కదా. ఎడమ చక్రం ముందుకి దొర్లే దిక్కూ, మామూలు మరచుట్టు ఊడే దిక్కూ ఒకటేననీ, అందుకే కొన్ని లారీలకి ఎడమవైపు నట్లు ఎడమ మరలతో వస్తాయనీ నడిరోడ్డు మీద నిలబడి వివరించాను. వాళ్లు వింటూనే కాయలేరి గట్టు మీద పోగేశారు. లెక్కేస్తే అయిదు వందల ఎనభై తొమ్మిది తేలాయి. మిగిలిన పదకొండూ నా పాఠానికి ఫీజు కింద పోయాయనుకున్నాను.

చివరికి కాశీబుగ్గ మెకానిక్కే వచ్చాడు. నలిగిన బేరింగుని అటూ ఇటూ తిప్పి, నీలం తిరిగిన రోలర్లు చూపించి, "ఇది ఉడికిపోనాది మేస్టారూ" అన్నాడు. తర్వాత ఇరుసు మొనని చూసి, ఇసకలో వెతికి, ట్రక్కు కిందకి వంగి మళ్లీ వెతికాడు. "నాలిక వాషరు ఏదండి? ఇరుసు గాడిలో దాని నాలిక కూకుంటాది. బేరింగు తిరుగుడు నట్టుకి అంటకుండా ఆపేది అదే కదేటి. అది ఎగిరిపోనాదా?"

నేను జీడితోట వైపు చూశాను. మా ఆవిడ నా వైపు చూసింది. మెకానిక్కుతో ఒక్క ముక్క అనలేదు. బిల్లు నాలుగు వేల ఏడు వందలైంది, కొత్త వాషరుతో సహా.

ఆ పాత వాషరు ఇప్పుడు మా వంటింట్లో క్యాలెండరు మేకుకి వేలాడుతోంది. మొన్న మిక్సీ గుర్రుమంటుంటే స్క్రూడ్రైవరు కోసం సొరుగు లాగాను. మా ఆవిడ కూర తిప్పుతూనే చెయ్యి చాపి ఆ వాషరుని వేలితో ఒకసారి తట్టింది. అది గోడకి తగిలి ఠంగుమంది. నేను సొరుగు మూసేశాను.